గాలానికి పైన ఒక మూర

మా నాయన కుడిచేతి రెండు వేళ్ళు నేను కర్నూలు నుంచి తెచ్చిన నైలాన్ దారం వల్ల పోయాయని మా వైపు అందరూ చెప్పుకుంటారు. ఎక్కువగా చెప్పేది మా చిన్నాయన, నాయనకు సొంత తమ్ముడు. ఆయన నోట్లో ఆ చేప ఏటేటా పెరుగుతూ వచ్చింది. మొదట్లో మూడు మూరలుండేది. నా పెళ్ళినాటికి మనిషి పొడుగయింది. ఈ మధ్య ఒక పెళ్ళి భోజనాల దగ్గర విన్నాను, అది తెప్పను ఎత్తి కుదేసిందట. ఆ చేపను ఎవరూ చూడలేదు. తెప్ప మీద ఉన్నది నాయనా నేనూ. మేమిద్దరమూ చూడలేదు. చిన్నాయన గట్టు మీద తువ్వాలు మొహాన కప్పుకొని గురకపెడుతున్నాడు.

ఇంకో కథ మా చర్చి అయ్యగారిది. ఆరాధన మాని చెరువుకు పోయినందుకు దేవుడు ఆ చేతిని ముట్టాడని ఆయన ప్రసంగంలో రెండుసార్లు చెప్పాడు. పేరు ఎత్తలేదు గానీ మేం కూర్చున్న చాప వైపే చూశాడు. మేం చెరువుకు పోయింది శనివారం. ఆ మాట చర్చి వాకిట్లోనే అడిగాను. "అయ్యగారూ, దేవుడు వారాలు మరిచిపోతాడా?" అన్నాను. అమ్మ నా జబ్బ పట్టుకొని ఇంటిదాకా తిడుతూనే నడిపించింది.

నన్ను నేను కాపాడుకోవడానికి ఇది రాస్తున్నానని ఎవరికైనా అనిపిస్తే, చివరిదాకా చదవమంటాను. నా తప్పు ఉంది. అయితే వాళ్ళు చెప్పేది ఆ తప్పు కాదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త రోజులు అవి. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేవి, కాబట్టి కాలేజీ చదువుకు నేను కర్నూలు హాస్టల్లో ఉండేదాన్ని. మా ఊరు బేస్తవారిపేటకూ కంభానికీ మధ్య. నాయన పలకల గనిలో పనిచేసేవాడు. నల్లరాయి పొరను వేళ్ళతో తడిమి, ఉలి ఎక్కడ పెడితే పలక ముక్కలు కాకుండా విడిపోతుందో చెప్పడం ఆయన పని. కళ్ళతో చూస్తే తెలిసేది కాదు అది. కుడిచేతి చూపుడువేలు, దాని పక్కది, ఆ రెండిటి మీదే మా ఇల్లు నడిచేది. ఎండాకాలం గని మూసినప్పుడు అదే చేత్తో కంభం చెరువులో గాలం వేసేవాడు. వల వెయ్యాలంటే చెరువును వేలంపాటలో పాడుకున్నవాళ్ళ అనుమతి కావాలి, గాలాన్ని ఎవరూ పట్టించుకొనేవాళ్ళు కాదు.

గాలం వెయ్యడంలో రెండు పద్ధతులున్నాయి. వాటి తేడా తెలియకపోతే ఆరోజు జరిగింది అర్థం కాదు.

ఒకటి విసరడం. గట్టు మీద గూటం దిగేసి దారం కొసను దానికి కడతారు. మిగతా దారాన్ని తడి గోనెపట్టా మీద చుట్టలు చుట్టలుగా పరుస్తారు. సీసపు గుండుతో సహా గాలాన్ని తల చుట్టూ తిప్పి వదులుతారు. చేప పడితే మొదటి గుంజుడు గూటం మీద పడుతుంది, మనిషి మీద కాదు. దీనికి దారం తేలికగా, నున్నగా, పొడుగ్గా ఉండాలి.

రెండోది ఆడించడం. తెప్ప మీద లోతు నీళ్ళలోకి పోయి, గాలాన్ని నిట్టనిలువుగా అడుక్కి దించి, జానెడు ఎత్తడం, జారవిడవడం, మళ్ళీ ఎత్తడం. అడుగున గాలం గెంతుతూ ఉంటే వాలుగ చేప ఊరుకోలేదు. దీనికి గూటం ఉండదు. దారాన్ని చూపుడువేలికి ఒక చుట్టు చుట్టుకుంటారు. చేప ముట్టిందో, తుంగ తగిలిందో, మొద్దు తగిలిందో ఆ వేలికే తెలియాలి. కాబట్టి దారం సాగకూడదు.

రెండు పనులకూ మాకు ఉన్నది ఒక్కటే రకం దారం, మా జేజి వడికిన నూలుదారం. జేజి నాయనకు తల్లి. చేతి కదురు మీద మూడు పోగులు పేని, తుమ్మచెక్క ఉడికించిన నీళ్ళలో నానబెట్టి, నీడన ఆరబెట్టేది. గాలానికి సరిగ్గా పైన ఒక మూర మాత్రం రెండు పోగులే పేనేది. దాన్ని తెగే మూర అనేది. చేప మనిషి బలానికి మించినదైతే, గాలం అడుగున మొద్దుకు పట్టుకుంటే, ఆ మూర దగ్గరే దారం తెగిపోవాలి. గాలం పోతుంది, దారం మిగులుతుంది, వేలు మిగులుతుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ మూర లేని దారం మా ఇంట్లో లేదు.

ఆ ఏడు సెలవులకు వచ్చే ముందు కర్నూల్లో తుంగభద్ర ఒడ్డున వలలు అమ్మే దుకాణానికి పోయాను. నైలాన్ దారం గురించి హాస్టల్లో ఒక నెల్లూరు పిల్ల చెప్పింది. దుకాణం సాయిబు నన్ను ఎగాదిగా చూశాడు.

"పూలు కట్టుకునే దారం పక్క దుకాణంలో ఉంటది బేటీ."

"చేపలు పట్టే దారం కావాలి. తడిపి చూపించండి, తడిస్తే ఎంత బలం పెరుగుతుందో చూస్తాను."

ఆయన నవ్వాడు. "ఇది నూలు కాదమ్మా. నూలు తడిస్తే గట్టిపడతది. ఇది తడిస్తే రవ్వంత తగ్గుతది. తగ్గినా నీ చేతికి తెగదు, పందెం."

మూడు చుట్టలు ముందు పెట్టాడు. లావుది విప్పినా చుట్టలాగే ముడుచుకుంటోంది, విసిరితే చిక్కుపడుతుందన్నాడు. సన్నది గాల్లో దూరం పోతుంది గానీ చేతిని కోస్తుందన్నాడు. నేను నడిమిరకాన్ని గుంజి చూశాను. నా తల ముందుకు పోయింది గానీ దారం తెగలేదు.

"విసరడానికా, ఆడించడానికా?"

"రెండింటికీ."

"ఒకటే చెప్పు రెండు కాళ్ళకూ తొడుగుతావా? విసరడానికి తీస్కో. ఆడించేదానికి ఇది వద్దు, సాగుతది. కింద చేప కొరికితే పైన నీకు రేపు తెలుస్తది."

ముడి వెయ్యడం కూడా ఆయనే నేర్పాడు. కొసను అయిదుసార్లు మెలిపెట్టి, మొదటి సందులోంచి వెనక్కి తీసి, నోట్లో తడిపి లాగాలి. పొడిగా లాగితే రాపిడికి దారం కాలి బలం పోతుందట. నేను హాస్టల్లో కిటికీ ఊచకు కట్టి కట్టి అది బాగా నేర్చుకున్నాను. నాకంటే ముందు మా చెరువు మీద ఆ ముడి ఎవరికీ తెలియదు. ఆ సంగతి అప్పట్లో నాకు చాలా గొప్పగా ఉండేది.

ఇంటికి రాగానే దారాన్ని జేజి ఒళ్ళో పెట్టాను. ఆమె రెండు వేళ్ళ మధ్య జరిపి చూసింది.

"ఏందే ఇది, మేక పేగు మాదిరి ఉంది?"

"నైలాన్ జేజీ. కుళ్ళదు. చెక్కనీళ్ళు అక్కర్లే. ఇంక నువ్వు వడికే పనే లేదు."

"ఔనా. మరి నాకు సచ్చే పనన్నా ఉందా, అదీ లేదా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"తెగే మూర ఏదే దీనికి?"

"తెగకపోవడమే గదా జేజీ దీని గొప్ప."

"తెగని తాడు గొడ్డును కట్టేదానికే. మనిషి చేతికి కట్టరు."

"ఇది విసిరేదానికి. చేతికి ఎవరు కట్టుకుంటారు? గూటానికి కడతారు."

"గూటం ఎప్పుడూ గట్టు మీదనే ఉంటదా? మీ నాయన ఎప్పుడూ గట్టు మీదనే ఉంటాడా?"

నాయన మా ఇద్దరి మధ్యా రాజీ చేశాడు. నైలాన్ చివర జేజి నూలు ఒక మూర కట్టి, దానికి గాలం కట్టాడు. మరుసటి దినం చెరువు గట్టున మొదటిసారి విసిరినప్పుడు ఆ దారం గోనెపట్టా మీంచి చప్పుడు లేకుండా లేచిపోయింది. నూలుదారం తడిసి బరువెక్కి ఎక్కడ పడేదో, దానికి చాలా అవతల పడింది గుండు. గట్టు మీద కూర్చున్న నలుగురూ లేచి నిలబడ్డారు. నాయన నా వైపు తిరిగి కనుబొమ్మలు ఎగరేశాడు. ఆ ఒక్క చూపుకు నేను వారం రోజులు ఇంట్లో ఎవరి మాటా వినలేదు.

అయితే నూలూ నైలానూ కలిసినచోట ముడి నిలవలేదు. నైలాన్ నున్నన, నూలు గరుకు. మూడోరోజు ముడి జారి చేపతో సహా గాలం పోయింది. నాయన మళ్ళీ కట్టాడు, బుధవారం మళ్ళీ జారింది. చిన్నాయనకు అదొక పండగ. "అత్తా కోడళ్ళను ఒక దారాన కడితే నిలుస్తదా అన్నా!" అన్నాడు, నన్నూ జేజినీ కలిపి.

గురువారం జేజి నూలుదారం కూడా పోయింది. తూము దగ్గరి గుంతలో ఆడిస్తుంటే మొద్దుకు పట్టుకొని, తెగే మూర దగ్గర కాక మధ్యలో తెగింది. పాతదై లోపల కుళ్ళింది. సగానికి పైగా అడుగునే ఉండిపోయింది. నాయన ఇంటికి వచ్చి, "అమ్మా, పది బారలు వడికియ్యి" అన్నాడు. జేజి కదురును చిలక్కొయ్యకు తగిలించి కూర్చుంది.

"కాలేజీ దారం ఉంది గదరా. వడికే పనిలేదన్నారు గదా."

"చిన్నపిల్ల మాటకు అలుగుతావా?"

"చిన్నపిల్లా? దానికి నోరు చూడు, రైలుగేటు మాదిరి."

శుక్రవారం మధ్యాహ్నం అందరూ పడుకున్నప్పుడు నేను ఆ పని చేశాను. నైలాన్ చివరనున్న నూలు మూరను కోసేసి పొయ్యిలో వేశాను. గాలాన్ని నేరుగా నైలాన్‌కే కట్టాను, సాయిబు నేర్పిన ముడితో, నోట్లో తడిపి. తర్వాత గాలాన్ని పెరట్లో గూటానికి తగిలించి నా బరువంతా వేసి లాగాను. ముడి కదల్లేదు.

నా లెక్క తప్పని ఇప్పటికీ అనను. అది విసిరే దారం. కొస గూటానికి ఉంటుంది. మధ్యలో ముడి జారితే నష్టమే తప్ప, తెగే మూర వల్ల వచ్చే లాభం దానికి లేదు. తప్పు లెక్కలో లేదు. ఎవరికీ చెప్పకపోవడంలో ఉంది. చెబితే జేజితో మళ్ళీ మొదలవుతుందని ఒక కారణం. ఇంకోటి కూడా ఉంది, రాయడానికి సిగ్గుగా ఉన్నా రాస్తాను. పెద్ద చేప ఒకటి పడ్డాక, అందరి ముందూ, "చూడండి, మూర లేకుండానే" అని చెప్పాలనుకున్నాను.

శనివారం పొద్దున్నే నాయనా, చిన్నాయనా, నేనూ చెరువుకు పోయాం. నాయన గూటం దిగేసి, బుట్టలోంచి చిన్న చేపపిల్లను తీసి, దారం కొసను చేతిలోకి తీసుకొని ఎర గుచ్చాడు. నేను ఆ వైపు చూడలేదు. కావాలనే కొండల వైపు చూస్తూ నిలబడ్డాను. ఆయన ఏమీ అనలేదు. గిరగిరా తిప్పి విసిరాడు.

ఎండ ఎక్కేదాకా ఏమీ పడలేదు. నీళ్ళు బాగా తగ్గి, చెరువు తూము దగ్గరి గుంత వైపుకు చేరింది. పెద్ద చేపలన్నీ ఆ గుంతలోనే ఉంటాయని అందరికీ తెలుసు.

"అంత దూరం విసిరి ఏం లాభం అన్నా?" అన్నాడు చిన్నాయన పడుకొనే ఏర్పాట్లలో. "చేపేమో నీ కాళ్ళ కిందనే ఉండె. ఊరవతల బావి తవ్వినట్టుంది నీ యవ్వారం."

నాయన దారం లాగేసుకొని గూటం నుంచి విప్పాడు. దాన్ని భుజానికి చుట్టుకొని తెప్ప వైపు నడిచాడు.

నేను వెనకే పరిగెత్తాను. "నాయనా, అది విసిరే దారం. ఆడించేదానికి పనికిరాదు. సాగుతది."

"తెలుసులే పంతులమ్మా."

"ఆ సాయిబు గట్టిగా చెప్పినాడు..."

"సాయిబుకు వాళ్ళ ఏరు తెలుసు. నాకు మా చెరువు తెలీదా? రా, తెప్ప తొయ్యి."

అప్పుడే చెప్పాల్సింది. ఒక్క మాట. కానీ చిన్నాయన అక్కడే ఉన్నాడు, తువ్వాలు కింద నుంచి ఒక కన్ను తెరిచి వింటున్నాడు. గుంత దగ్గరికి పోయాక నాయనకు మాత్రమే చెబుదాం అనుకున్నాను. నాలుగు ఎండుమొద్దులు కట్టిన తెప్ప అది. వెనక మోకాళ్ళ మీద కూర్చొని పలకచెక్కతో నీళ్ళు తోస్తూ పోయాను. గుంత మీదికి రాగానే నోరు తెరిచాను.

నాయన ఎడమచెయ్యి ఎత్తి ఆపాడు.

గుంత మీద మాట్లాడకూడదు. అది మా చెరువులో అందరూ పాటించే కట్టు. మనిషి గొంతు మొద్దుల గుండా నీళ్ళలోకి దిగి చేపకు తెలుస్తుందని నమ్మకం. నేను చిన్నప్పుడు ఒకసారి ఆ గుంత మీద తుమ్మితే నాయన సాయంత్రం దాకా మాట్లాడలేదు. నా నోరు పెద్దదని ఊరంతా అంటారు కదా, ఆ ఒక్కచోట మాత్రం అది మూతపడేది.

గాలం దిగింది. అడుగు తగిలాక నాయన జానెడు ఎత్తి, దారాన్ని చూపుడువేలికి ఒక చుట్టు చుట్టాడు. ఎత్తాడు, వదిలాడు. ఎత్తాడు, వదిలాడు. ఆయన నుదురు ముడిపడింది. నాకు అర్థమైంది. సాయిబు చెప్పినట్టే దారం సాగుతోంది. పైన వేలు లేస్తోంది గానీ కింద గాలం గెంతడం లేదు. అడుగున ఏముందో ఆ వేలికి అందడం లేదు. రాతి పొరను తడిమే మనిషికి అది గుడ్డితనంలా ఉండి ఉంటుంది. ఆయన ఇంకో చుట్టు చుట్టి బిగించాడు. కొద్దిసేపు చూశాడు. తల అడ్డంగా ఊపి, పక్క వేలిని కూడా కలిపి మూడో చుట్టు వేశాడు. గణుపు సందులోకి దారం దిగేదాకా గుంజాడు. వేళ్ళ కొసలు ఎర్రబడి తర్వాత తెల్లబడ్డాయి.

"నాయనా," అన్నాను, గొంతు రాకుండా, పెదవులతో.

ఆయన వెనక్కి చూడలేదు. వీపు కనిపిస్తోంది, చెమటకు తడిసిన బనీను, మెడ దగ్గర చిరుగు. ఎత్తుతున్నాడు, వదులుతున్నాడు. నేను లోపల లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఇంకో పదిసార్లు ఎత్తి ఏమీ తగలకపోతే తనే విసుక్కుని తీసేస్తాడు, అప్పుడు చెబుతాను. పది అయింది. ఇంకో పది అనుకున్నాను. అటు గట్టు మీద చిన్నాయన గురక ఇక్కడిదాకా వినిపిస్తోంది. ఆయనకు లేని కట్టు నాకెందుకు అనిపించింది. ఇంక చెప్పేద్దామని ఊపిరి పీల్చాను.

ఆ ఊపిరి వదలకముందే నాయన చెయ్యి నీళ్ళలోకి పోయింది.

మోచేతిదాకా పోయింది, ఆయన ముఖం మొద్దుకు కొట్టుకుంది. తెప్ప ముందువైపు మునిగి నీళ్ళు నా మోకాళ్ళ మీదికి వచ్చాయి. ఆయన కేక పెట్టలేదు. ముక్కుతో ఒక శబ్దం చేశాడు, బండ ఎత్తే మనిషి చేసే శబ్దం. ఎడమచేత్తో దారం పట్టుకొని కుడివేళ్ళకు వదులు ఇవ్వాలని చూస్తున్నాడు. తడి నైలాన్ ఎడమచేతిలోంచి జారిపోతోంది.

నేను చేసిన మొదటి పని తెప్పను గట్టు వైపు తొయ్యడం. భయపడ్డవాళ్ళు గట్టుకే పోతారు కదా. నాలుగైదు తోపులు తోశాను, బలంగా. ఆ తోపులన్నీ ఆయన వేళ్ళ మీదే పడ్డాయి. ఇది చిన్నాయన కథలో లేదు, ఆయన చూడలేదు కాబట్టి.

"గట్టుకు కాదే!" అని అరిచాడు నాయన. గుంత మీద ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. "దాని ఎంబడి పో! దాని ఎంబడి!"

తెప్ప తిప్పాను. చేప తూము వైపు పోతోంది, దారం ఆ దిక్కున నీటిని కోస్తూ సాగింది. నేను దాని వెంట తోశాను. ఒక క్షణం వదులు వచ్చింది, ఆయన ఒక చుట్టు విప్పగలిగాడు, మళ్ళీ బిగిసింది. కత్తి గట్టు మీద ఎరబుట్టలో ఉంది. నేను చెక్క వదిలేసి ముందుకు పాకి దారాన్ని పళ్ళ మధ్య పెట్టి కొరికాను. నూలైతే పుటుక్కున తెగేది. అది పళ్ళ మీద జారింది, చిగుళ్ళు కోసింది. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. నాదా ఆయనదా తెలియలేదు.

తెగు, తెగు, అనుకున్నాను. నేను గుంజి గుంజి, తెగదని చూసుకొని, ఏరి కొన్న దారాన్ని.

ఉన్నట్టుండి బరువు పోయింది. నాయన వెల్లకిలా నా మీద పడ్డాడు. దారం నీళ్ళ మీద మెలికలుగా తేలింది.

ఆయన చెయ్యి చూసుకోలేదు. ఎడమచేత్తో దారమంతా లోపలికి లాగాడు, నెమ్మదిగా, కొసదాకా. గాలం సూదిలాగా నిటారుగా సాగిపోయి ఉంది. దారం తెగలేదు, ముడి జారలేదు, ఇనుమే ఓడిపోయింది. ఆయన ఆ కొసను కాసేపు చూసి బుట్టలో వేసుకున్నట్టు ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత అన్నాడు, "ఓణీ చింపు."

వేళ్ళు ఎముకదాకా తెగాయి. కట్టుకట్టి, చిన్నాయనను లేపి, బండిలో కంభం పోయాం, అక్కడి నుంచి బస్సులో మార్కాపురం. డాక్టరు కుట్లు వేశాడు. మూడు దినాలకు ఆ రెండు వేళ్ళూ నల్లబడ్డాయి. ఆలస్యం చేస్తే చెయ్యి పోతుందని చెప్పి రెండింటినీ తీసేశాడు.

నేను మొదటిరోజు సాయంత్రమే బట్టల కోసం ఇంటికి వచ్చాను. జేజి బుట్టలోంచి దారం తీసి వేళ్ళ మధ్య జరుపుతూ కూర్చుని ఉంది, జపమాల తిప్పేవాళ్ళలాగా. బారలు బారలుగా జరిపి చివరికి వచ్చింది. నిటారు గాలం, దాని మీద నా ముడి, మధ్యలో మూర లేదు. ఆమె తలెత్తి నన్ను చూసింది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. తిడుతుందని ఎదురుచూశాను, తిడితే బాగుండునని కూడా. ఆమె దారాన్ని చుట్టచుట్టి వాసాల్లో దోపింది.

పరామర్శకు మనుషులు వచ్చారు. "ఎట్ల జరిగింది పెద్దమ్మా?" అని అడిగినవాళ్ళందరికీ జేజి ఒకటే చెప్పింది. "ఆ పాడు నైలాన్ దారం నాయనా. మంచిది కాదు అది. కోసేసె." ఎక్కడిదని అడిగితే, "కర్నూలు సాయిబు మోసం చేసి పిల్లకు అంటగట్టినాడు" అంది. ఆ సాయిబు నాకు చెప్పిందంతా నిజం. పాపం ఆయన మా ఊళ్ళో ఈనాటికీ మోసగాడే.

అంటే ఈ కథ మొదట చెప్పింది చిన్నాయన కాదు. జేజి చెప్పింది, నేను వినేలా, నా తప్పుకు అడ్డుగా. ఆమె పోయేదాకా మూర మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు, నా దగ్గర కూడా. నేను ఇప్పుడు ఈ కథ తప్పని రాయడమంటే ఆమె కట్టిన గోడను నేనే కూలదోయడం. అయినా రాస్తున్నాను. అబద్ధం నీడన కూర్చోవడం నాకు చేతకాదు.

గని తెరిచాక నాయనను రాయి తడిమే పనికి పెట్టుకోలేదు. పలకలకు చెక్క చట్రాలు కొట్టే షెడ్డులో వేశారు, ఎడమచేత్తో సుత్తి పట్టడం నేర్చుకున్నాడు. అమ్మ నా చదువు ఆపమంది. "చెయ్యి పోయింది నాది. దాని చదువు ఎందుకు పోవాల?" అన్నాడు నాయన. మళ్ళీ కర్నూలు పోయాను. రైలెక్కేటప్పుడు చెబుదామనుకున్నాను. ఉద్యోగం వచ్చినప్పుడు చెబుదామనుకున్నాను. హెడ్మాస్టర్లతో, ఇన్‌స్పెక్టర్లతో, పెళ్ళయ్యాక అత్తగారితో, అందరితో వాదించాను. ఆ ఒక్క మాట నోట్లోనే ఉంచుకున్నాను.

నాయన పోయే ఏడాది వానాకాలంలో చూడ్డానికి వచ్చాను. చిన్నాయన పంచలో కూర్చొని, కొత్తగా వియ్యమందిన తన మనవడి మామగారికి కథ మొదలుపెట్టాడు. మనిషి పొడుగు వాలుగ, పాడు నైలాన్, అంతా. నాయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకొని ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకున్నాం.

"దారానిది ఏముందిరా," అన్నాడు గోడవైపే చూస్తూ. "మంచి దారం. ముడి గూడ బాగుండె."

చిన్నాయన ఆగాడు. "ఏ ముడన్నా?"

నాయన దుప్పటి లాక్కున్నాడు. చిన్నాయన నా వైపు చూసి భుజాలు ఎగరేసి, వదిలేసిన చోటు నుంచి మళ్ళీ ఎత్తుకున్నాడు.

నేను లేచి మంచం దగ్గరికి పోయి అడగాల్సింది. బయటివాళ్ళున్నారని ఆగాను. మరుసటి ఉదయం నాకు బస్సు. ఆ తర్వాత ఆయనను చూసింది పెట్టెలో.

ఆ ముడిని ఆయన తెప్ప మీద చూశాడు, అది నాకు తెలుసు. వేళ్ళు తెగాక, సాగిపోయిన గాలాన్ని లాక్కొని చూసినప్పుడు. కానీ ఆ పొద్దున్న ఎర గుచ్చింది కూడా ఆయన చేతులే. రాతి పొరల మధ్య వెంట్రుకవాసి సందును పట్టుకొనే వేళ్ళు, మూరెడు గరుకు నూలు ఉండాల్సిన చోట నున్నటి నైలాన్ ఉంటే పట్టుకోలేదా? పట్టుకోలేదంటే నేను నోరు మూసుకున్నందుకే ఆయన చెయ్యి పోయింది. పట్టుకున్నాడంటే, మూర లేదని తెలిసే మూడు చుట్లు చుట్టాడు. ఎందుకు చుట్టాడు? జేజి మీద పంతమా, చేప మీద ఆశా, నా ముడి మీద నమ్మకమా?

నాయనా, నువ్వు ఆ ముడిని ఎర గుచ్చేటప్పుడే చూసినావా, వేళ్ళు పోయినాకనే చూసినావా?